తంగేడు కొమ్మ ఉన్న ఫ్లాపీ

కడపలో మా ఎదురింటి అక్క మగ్గం పని చేసేది. నేను జాకెట్లు కుట్టేదాన్ని, ఆమె వాటి మీద పువ్వులు కుట్టేది. పెళ్లివాళ్లు మా వీధి వెతుక్కుంటూ వచ్చేది నా కత్తిరింపు చూసి కాదని నాకూ తెలుసు. వాళ్లకు కావలసింది అక్క తంగేడు కొమ్మ. అక్కవాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, ఎప్పుడో గీసిన బొమ్మ అది. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా దిగేది, పసుపుపచ్చ పూలు, చివర రెండు కాయలు. ఆ కొమ్మ అక్క దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు కాబట్టే ఆమె ఇల్లు గడిచేది.

అక్కకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరం కలిసి ఎంబ్రాయిడరీ మిషన్ కొందామనుకున్నాం. కొమ్మ ఆమెది, మిషన్ నడపడం నాది. కర్నూల్లో కంప్యూటర్ పని చేసే ఒకాయన కొమ్మను ఫైలుగా మార్చి ఒక ఫ్లాపీలో పెట్టిచ్చాడు. అక్క అడిగితే, కొమ్మలోని ఒక్క పువ్వును విడిగా ఇంకో ఫ్లాపీలో పెట్టాడు.

ఇక ఆ ఫైలును చదివే మిషన్ వెతకాలి. మా ఫైలు తీసుకుంటుందా అని అడిగితే, ఏ ఫైలో వినకుండానే తీసుకుంటుందనేవాళ్లు అంగళ్లవాళ్లు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. తీరా చూస్తే ఒకదానికి ఫ్లాపీ పెట్టే సందే లేదు, దాని కంపెనీ అమ్మే కార్డులే పెట్టాలట. ఇంకోదానికి సందు ఉంది గానీ మా ఫైలు దానికి అర్థం కాలేదు. మరొకటి చదివింది, కానీ గుడ్డ బిగించే ఫ్రేమ్ చిన్నది, కొమ్మను రెండు ముక్కలు చేసి కుట్టుకోవాలి. నేను ఎవరి మాటా నమ్మలేదు, అన్నీ కళ్లారా చూసుకున్నాను. అప్పట్లో దానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

చివరిసారి కర్నూలుకు బయల్దేరేటప్పుడు అక్క రెండు ఫ్లాపీలూ నా చేతికిచ్చింది.

"పువ్వొక్కటి కుట్టిచ్చి చూడు పాపా. కొమ్మ ఫ్లాపీ సైజు చూసేదానికే, మిషన్లో నువ్వే పెట్టి నువ్వే తియ్యి. ఎవరి చేతికీ ఇయ్యొద్దు."

మగ్గం పనివాళ్లు బొమ్మ గీసిన బటర్ పేపరును బయటివాళ్ల కంట పడనివ్వరు. అక్క ఫ్లాపీనీ అట్లాగే చూసింది.

మా అత్తది ఇంకో మాట. "కొత్త మిషన్ మీద తొలి కుట్టు అరకొరగా ఉండగూడదు మ్మాయ్. పసుపు గుడ్డ మీద బొమ్మ నిండుగా రావల్ల."

ఈసారి చూసిన అంగట్లో పువ్వు చక్కగా వచ్చింది. కొమ్మ ఫ్లాపీ నేనే మిషన్లో పెట్టి చూశాను, ఫ్రేములో పట్టింది. అక్కడితో పని అయిపోయింది. కానీ మిషన్ తీసుకుంటున్నామన్న సంతోషంలో అత్త మాట గుర్తొచ్చి, పసుపు గుడ్డ తీసి, తొలి కుట్టు కొమ్మతో వెయ్యమన్నాను. రంగులు సరిచేసి పంపుతానని అంగడాయన చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. ఆయన దాన్ని తన కంప్యూటర్లో పెట్టి, అక్కణ్నుంచి తీగ ద్వారా మిషన్‌కు పంపాడు. కొమ్మ పూలతో, కాయలతో నిండుగా వచ్చింది. ఫ్లాపీ తీసి నా చేతికిచ్చాడు, సంచిలో వేసుకున్నాను. ఇచ్చిన గిన్నె తిరిగొచ్చిందంటే లెక్క సరిపోయినట్టే కదా మనకు. దాని నకలు ఆయన కంప్యూటర్లో ఉండిపోతుందని నాకు తట్టలేదు. పైగా ఆయన బోలెడు డిజైన్లున్న సీడీ ఉచితంగా ఇస్తే, అవి ఎవరివో అడక్కుండా మురిసిపోయి తెచ్చుకున్నాను.

మిషన్ బాగా నడిచింది. ఒక్కటే లోపం, మూడో ఆకు దగ్గర దారం కుట్టు పడకుండా ఒక దాటు దాటి పైనే తేలేది. ఫైలు చేసినాయన పొరపాటు అది. ప్రతి జాకెట్టు మీదా ఆ దారాన్ని నేను కత్తెరతో తీసేసేదాన్ని.

మరుసటి ఏడు పెళ్లిళ్లప్పుడు మైదుకూరులో జాకెట్లు ఇచ్చి ఇద్దరం బస్సులో తిరిగొస్తున్నాం. ముందు సీట్లో ఒకామె చేతి మీద తంగేడు కొమ్మ కనబడింది. మూడో ఆకు దగ్గర దారం కత్తిరించకుండా అట్లాగే ఉంది. చూసి గీసుకున్నది కాదది, మా ఫైలే. అక్క కంటికి కొమ్మ కనబడింది గానీ ఆ దారం కనబడలేదు.

"యాడ కుట్టిచ్చినావు మా?" అని అడిగింది ఆమెను.

"రాయచోటిలోక్కా. కొత్తగా మిషన్ పెట్టినారు. ఈ డిజైను మిషన్‌తోనే వచ్చిందంట."

అక్క మనసు రాయచోటి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తన చెల్లెలిని ఇచ్చింది ఆ ఊరికే. ఆ చెల్లెలూ మగ్గం పనే చేస్తుంది. నానీ గీసిన బటర్ పేపరు నకలు ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

"మిషనోళ్లకు అమ్ముకునింటాది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అట్లుండాది" అంది అక్క.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను, తెల్లారాక చెబుదామనుకున్నాను. ఈలోగా అక్క చెల్లెలి ఫోన్లు ఎత్తడం మానేసింది. కడపలోనే బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన మిషన్ మీద కొమ్మ వేయించుకున్నామని చెప్పి ఒక్కో ఇంటివాళ్లూ మా దగ్గరికి రావడం తగ్గించారు. అక్క మిషన్ పక్కన ఖాళీగా కూర్చుని దారం ఉండలు సర్దేది. ఆ చేతుల వైపు చూడలేకపోయేదాన్ని.

రంజాన్ పండగనాడు నేను అక్క ఇంట్లో ఉండగా, చెల్లెలు రాయచోటి నుంచి షీర్ కుర్మా, అదే పండగ సేమ్యా పాయసం, పట్టుకుని వచ్చింది. అక్క లేచి ఎదురుపోలేదు.

"కొమ్మ అమ్మినదాంట్లో నా భాగం తెచ్చినావా?"

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. గడపలోనే నిలబడిపోయింది. ఇక నేను ఉండబట్టలేక, పసుపు గుడ్డ దగ్గర నుంచి బస్సులో చూసిన దారం దాకా అంతా చెప్పేశాను. చెల్లెలు అక్క వైపే చూస్తూ అంది.

"ఆ పేపరు నా పెట్టెలోనే ఉండాది. పెండ్లయినప్పటి నుంచి ఒక్కసారి గూడా పరచలేదు. నేనూ కొమ్మ కుడితే నీ దగ్గరికి ఎవరొస్తారక్కా?"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేను లేచి వచ్చేస్తుంటే చెల్లెలే ఒక గిన్నెలో షీర్ కుర్మా పోసి నా చేతిలో పెట్టింది. "పండగపూట ఉత్త చేతుల్తో పోతాండావేంది, తీసుకోనిపో" అంది.

మా ఇళ్లలో అట్లా వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. చక్కెరో, బియ్యమో, ఇంట్లో వండినదేదో పెట్టి ఇస్తారు. ఆ గిన్నె కడిగి గూట్లో బోర్లించాను. అందులో ఏం పెట్టి ఇవ్వాలో ఈనాటికీ నాకు తోచలేదు.