ఏ గూట్లో ఏ కుందేలు

కంపోజరుకి ఏమీ పాలుపోవడం లేదు. గడ్డీ దాణా శుభ్రంగా తింటున్న కుందేళ్ళు చిక్కిపోతున్నాయి, నీళ్ళలో నాచు తింటున్నవి బలుస్తున్నాయి. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

ప్రెస్సు మూతపడి చాలా కాలమైనా వీధిలో అందరూ ఆయన్ని కంపోజరు గారనే పిలుస్తారు. సీసం అక్షరాలు ఏరి వరసగా పేర్చడమే ఆయన చేసిన ఉద్యోగం. అది పోయాక కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ పొద్దుపుచ్చాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అంతే. ఆ తర్వాత ఎవరో వదిలించుకోడానికి ఇచ్చిన కుందేళ్ళ జత ఇంటికొచ్చింది. అవి పిల్లల్ని పెట్టాయి, మనిషిలో కదలిక వచ్చింది. పెరట్లో రెండు వరసల గూళ్ళు లేచాయి.

ఇప్పుడు వాటికి గడ్డి కరువొచ్చింది. పక్క ఖాళీ స్థలానికి ఎవరో ప్రహరీ కట్టి, గేటుకి తాళం వేశారు. కాలవగట్టున దొరికే గడ్డి సగం కుందేళ్ళకి సరిపోతే గొప్ప. ఆ మాట విని కోళ్ళ దుకాణం అతను దిగబడ్డాడు.

"అన్నీ నాకిచ్చెయ్యండి. ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు? నెల తిరిగాక వస్తాను" అన్నాడు.

కంపోజరు గూళ్ళకేసి చూశాడు. గూళ్ళు ఖాళీ అయితే తను మళ్ళీ ఆ కుర్చీ పాలే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, భార్యకీ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే.

పాల డెయిరీలో పనిచేసే బావమరిది ఒక ఉపాయం చెప్పాడు. "మేం గేదెలకి అజొల్లా అని ఒక నీటినాచు పెడుతున్నాం బావా. తొట్టిలో పిడికెడు వదిలితే నీళ్ళమీద దానంతటదే పరుచుకుంటుంది. కుందేళ్ళకీ పెట్టి చూడు."

"తింటే పెరుగుతాయా?"

"నన్నడిగితే ఏం చెప్పను? నేను గేదెల మనిషిని."

సరేనని కంపోజరు పెరట్లో వాడకుండా పడున్న సిమెంటు తొట్టి నింపి అజొల్లా వదిలాడు. అది పెరిగాక జల్లెడతో తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, తవుడులో కలిపాడు. పద్ధతి గల మనిషి కనక పరీక్ష కూడా పద్ధతిగానే పెట్టుకున్నాడు. అది తేలాకే ఏ మాటా చెబుతానని కోళ్ళ దుకాణం అతనికి కబురు పెట్టాడు. ఎడమ వరసకి ఎప్పటిలాగే గడ్డి, దాణా. కుడి వరసకి అవి తగ్గించి, ఆ మేరకి అజొల్లా. గూళ్ళకి అట్టముక్కలు కట్టి గడ్డి, నాచు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆదివారం వస్తే ఒక్కోదాన్నీ గుడ్డసంచీలో వేసి స్ప్రింగు కాటాకి తగిలించేవాడు.

గూళ్ళకి గుర్తులు పెట్టాడు గానీ కుందేళ్ళకి పెట్టలేదు. పెట్టాలని తోచనే లేదు. ప్రెస్సులో అరకి పేరుంటే చాలు, అందులో ఉండేది ఆ అక్షరమే. సీసం అక్షరాలు పక్క అరలోకి గెంతవు కదా.

మొదటి ఆదివారం కుడి వరస తూగలేదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. తర్వాతి ఆదివారం అదే వరస బరువెక్కింది, ఎడమ వరస తగ్గింది. ఆపైన ఇంకా తగ్గింది. కాటా చెడిందేమోనని రెండు రోజులు ఇటుక తూచాడు. ఇటుక నిన్న ఎంతో ఇవాళా అంతే. గడ్డిని వాసన చూశాడు. ఓ పరక నమిలి కూడా చూశాడు.

"గడ్డిలోనే ఏదో తేడా ఉంది" అన్నాడు భార్యతో.

"ఉందేమో" అంది ఆవిడ, తరుగుతున్న కూర మీంచి తలెత్తకుండా.

సంతోషించాల్సిన మనిషి తల గోక్కుంటూ తిరిగాడు. కోళ్ళ దుకాణం అతను వచ్చే రోజు పొద్దున, కుడి వరసలోంచి ఒకదాన్ని బయటికి తీశాడు. దాని చెవి చిరిగి ఉంది. మొన్న పోట్లాటలో చెవి చింపుకుంటే మందు రాసింది తనే, రాసి ఎడమ వరసలో పెట్టిందీ తనే.

"ఇది ఇటెలా వచ్చింది?"

బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతిలోని చీర మళ్ళీ పిండింది. "గూళ్ళు కడిగేటప్పుడు మారిందేమో."

"ఇదొక్కటేనా?"

ఆవిడ తడి చీర బకెట్లో పడేసింది. "ఆవేళ మీరు అన్నం మానేశారు. అప్పట్నించీ శనివారం శనివారం నేనే మారుస్తున్నాను. చిక్కినవి గడ్డి వైపు, బొద్దుగా ఉన్నవి నాచు వైపు. మీ నాచు గెలవాలని."

కంపోజరు అట్టముక్కల మీది తన అక్షరాలే ఒకసారి చదువుకున్నాడు. ఇన్నాళ్ళూ తను తూచింది దేన్ని? "మరైతే ఆ నాచు పనిచేస్తోందా, లేదా?"

"నాకేం తెలుసు? కొన్ని ఇష్టంగా తింటున్నాయి, కొన్ని తొక్కి పారేస్తున్నాయి. ఏది ఎటుదో నాకూ కలగాపులగమైపోయింది."

"మతి పోయిందా నీకు?"

"మీరు మళ్ళీ ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటే పోతుంది" అంది ఆవిడ.

కోప్పడాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు. చెవి చిరిగిన కుందేల్ని చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈలోగా పెరటి తలుపు చప్పుడైంది. కోళ్ళ దుకాణం అతను ఖాళీ గంపలతో సహా వచ్చేశాడు.

"ఏమండీ, తేలిందా?"

"తేలలేదు. పరీక్ష పాడైపోయింది" అన్నాడు కంపోజరు. "మళ్ళీ మొదట్నించీ పెట్టాలి. ఈసారి మేమిద్దరం పెడతాం."

అతను గంపలు కింద పెట్టబోయి ఆగాడు. "అంటే ఇస్తున్నట్టా, ఇవ్వనట్టా?"

పరీక్ష పాడైన మనిషి మొహం అంతలా వెలగడం అతనెక్కడా చూడలేదు. ఆవిడ మాత్రం అటు తిరిగి, ఆరేసిన దుప్పటే మళ్ళీ సర్దుతూ, దాని అంచుతో కళ్ళు తుడుచుకుంది.