వి అన్న ఒక్క మాట

పోలండ్‌లోని వూచ్ నగరంలో బోగుమీల్ ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. పరాయి దేశపు సీరియల్ ఏది టీవీలో వచ్చినా, నటుల మాటలు వెనకాల సన్నగా వినిపిస్తుంటే వాటిమీద ఒకే ఒక్క మనిషి పోలిష్ భాషలో అందరి మాటలూ చదువుకుంటూ పోతాడు. హీరో మాటా అతనిదే, హీరోయిన్ మాటా అతనిదే, గుక్కపట్టి ఏడ్చే పిల్ల మాటా అతనిదే. ఆ పని చేసేవాణ్ణి లెక్టర్ అంటారు. బయటివాళ్ళు విని ముక్కున వేలేసుకుంటారు గానీ, పోలండ్‌లో పెరిగినవాళ్ళకి ఇంకోలా చూస్తే ఉప్పులేని కూర తిన్నట్టే ఉంటుంది.

ఆ పనికి ఒక్కటే నియమం. చదివేవాడి గొంతులో సంతోషం, దుఃఖం, కోపం ఏవీ ఉండకూడదు. హంతకుడి మాటనీ, చచ్చేవాడి మాటనీ ఒకే తీరున చదవాలి. బోగుమీల్ జీవితమంతా ఆ గాజుగదిలో కూర్చుని అలాగే చదివాడు. అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. ఎవరేమన్నా "ఊఁ, బాగుంది" అనేవాడు. అది తన మంచితనం అనుకునేవాడు. నన్నడిగితే అందులో సగం పిరికితనం.

అతనికి ఉన్నది ఇద్దరు మనుషులు. అన్న సెవెరిన్, కూతురు యాగొదా. యాగొదా తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి స్టూడియోలో ఉంటే పిల్లని సాకింది పెదనాన్నే. బట్టల మిల్లులో పనిచేసిన మొరటు వేళ్ళతో ఆ పిల్లకి జడలు వేసేవాడు, సైకిలు వెనకాల పరిగెత్తేవాడు. అలాంటి ఇద్దరి మధ్య ఒక ఎన్నికలొచ్చి పడ్డాయి. ఆయన ఒక పార్టీకి ఓటేశాడు, ఆమె దానికి ఎదురుగా కూడలిలో జెండా పట్టుకుని నిలబడింది. అంతే, మాటలు పోయాయి. పండగపూట కూడా ఒకరుంటే రెండోవాళ్ళు వచ్చేవారు కాదు.

అప్పుడే ఆ సీరియల్ వచ్చింది. పేరు 'ఒకే ఊపిరి'. ఒక పొగమంచు కమ్ముతుంది, అది పీల్చిన మనుషులంతా ఒకే మనసు అయిపోతారు. తగాదా లేదు, అబద్ధం లేదు, ఎవరిని పలకరించినా నవ్వుతూ "మేము" అంటారు. ఒక్క పడవవాడికి మాత్రం ఆ మంచు అంటదు. అన్ని పాత్రలకీ గొంతు బోగుమీల్‌దే. వేలమంది ఒకే మనసుగా మాట్లాడే కథని ఒక్కడే చదవడం చూసి ఊరంతా నవ్వుకుంది.

నవ్వులయ్యాక తగువులు మొదలయ్యాయి. మందులషాపు ఆవిడ అది సెల్‌ఫోన్ల గురించి అంది. మెట్లమీద ఎదురైన పక్కింటాయన "అది పక్కా బ్రస్సెల్స్‌లో కూర్చున్న యూరోపియన్ యూనియన్ గురించేనండీ" అన్నాడు. సెవెరిన్ ప్రతి భాగం అవగానే తమ్ముడికి ఫోన్ చేసేవాడు.

"ఒరేయ్ బోగుష్, ఇది మన పాత కమ్యూనిస్టు రోజులేరా! అందరూ నవ్వాలి, అందరూ ఔననాలి. ఔననని వాడి ఇంటికి మనిషిని పంపాలి. ఇది రాసినవాడెవడో మన జైలు చూసే రాశాడు."

ఆయన ఫోన్ పెట్టగానే యాగొదా చేసేది. "నాన్నా, చూశావుగా? అచ్చం పెదనాన్న గుంపే. అందరికీ ఒకే పాట, ఒకే ప్రార్థన, పక్కకి నిలబడ్డవాళ్ళు దేశద్రోహులు. నువ్వు పడవవాడి మాటలు చదువుతుంటే నాకు తెలిసిపోయింది, నువ్వు నా పక్షమేనని."

ఇద్దరికీ "ఊఁ, బాగుంది" అన్నాడు బోగుమీల్. కానీ లోపల ఒక ఆశ పుట్టింది. ఇద్దరూ వేరే ఇళ్ళలో కూర్చుని ఒకే సమయానికి తన గొంతే వింటున్నారు. ఆఖరి భాగానికి ఒక్క చోట కూర్చోబెట్టగలిగితే చాలు, తక్కింది వాళ్ళే చూసుకుంటారనుకున్నాడు. అన్నకి రక్తపోటు ఎక్కువవుతోందని డాక్టరు హెచ్చరించాడు కూడా. ఇంకా ఎన్నాళ్ళు ఆగడం? "ఇదే నేను చదివే ఆఖరి సీరియల్. ఇకమీదట యంత్రం చదువుతుందట. రండి," అని ఇద్దర్నీ పిలిచాడు. అది నిజమే. ఇద్దరూ కాదనలేకపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పోలిష్‌లో అయినవాళ్ళని, పెద్దయినా చిన్నయినా, 'నువ్వు' అనే అంటారు. పరాయివాళ్ళని అయ్యగారు, అమ్మగారు అంటారు. 'వి' అంటే మీరంతా అని, పదిమందిని కలిపి అనే మాట. మన 'మీరు'లో ఉన్న మర్యాద అందులో లేదు. ఒక్క మనిషిని పట్టుకుని 'వి' అన్నది పాత రోజుల్లో పార్టీవాళ్ళూ, పోలీసులూ. సమ్మె చేసినందుకు సెవెరిన్‌ని పట్టుకెళ్ళిన చలికాలంలో, బల్లకి అవతల కూర్చున్నవాడు రోజులకొద్దీ ఆయన్ని 'వి' అనే పిలిచాడు. ఆ మాట వింటే ఆయన చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. సీరియల్ అనువదించిన అమ్మాయి, పడవవాడి చేత ఆ గుంపులో ఎవర్నైనా 'వి' అనిపించింది. ఒక్కడిలో అందరూ ఉన్నారు కదా అని. బాగానే కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నం బల్లమీద సేమ్యాలు వేసిన కోడి సూప్, పక్కన గసగసాల కేకు. సెవెరిన్, ఆయన భార్య బ్రోన్యా ఒక వైపు, యాగొదా ఇంకో వైపు. టీవీలో బోగుమీల్ గొంతు, బల్ల దగ్గర బోగుమీల్ మౌనం. ఆఖరికి పడవవాడు ఎవరూ తొయ్యకుండానే పడవ దిగి మంచులోకి నడిచివెళ్ళిపోయాడు.

"అలిసిపోయాడు పాపం," అన్నాడు సెవెరిన్. "మనిషిని అరగదీసి అరగదీసి లొంగదీస్తారు. నేను చూశాను."

"ఎవరూ లొంగదీయలేదు," అంది యాగొదా. "ఒంటరిగా ఉండలేక తనే గుంపులో కలిశాడు. కొందరు అంతే, ఒకప్పుడు ఎదురు తిరిగామని చెప్పుకుంటారు, ముసలితనంలో మంద వెనకాల పోతారు."

"ఎవర్నే అంటున్నావు?"

"విన్నవాళ్ళకి తగిలితే నేనేం చెయ్యను?"

"జైలుకెళ్ళింది నేను. నువ్వప్పటికి పుట్టనేలేదు. బోగుష్, నువ్వు చెప్పరా! ఎవరిది తప్పు?"

"అవును, చెప్పు నాన్నా. ఒక్కసారి నోరు విప్పు."

ఇద్దరూ తన వైపే చూస్తున్నారు. బోగుమీల్ గరిట తీసుకుని, "సూప్ చల్లారిపోతోంది," అన్నాడు.

యాగొదాకి ఒళ్ళు మండింది. తండ్రిమీది కోపం పెదనాన్న మీదికి తిరిగింది. "వి! ఎప్పుడూ ఇంతే వి!" అంది. మీ పార్టీవాళ్ళంతా అని ఆమె ఉద్దేశం. కానీ చూపుడువేలు చూపించింది ఒక్క మనిషిని. సెవెరిన్ చెంచా కింద పెట్టాడు. కోటు తొడుక్కోబోతే దాని చేతిలోకి చెయ్యి దూరలేదు, బ్రోన్యా తొడిగింది. "నా చేతుల మీద పెరిగిన పిల్ల," అని మాత్రం అన్నాడు, గోడతో చెప్పినట్టు.

మంచు కురవడం మొదలైన వారంలోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. యాగొదా తండ్రితో కలిసి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. బ్రోన్యా అప్పుడే టీ తాగడానికి కిందికి వెళ్ళింది. మంచం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, "పెదనాన్నా, నేను నిన్ను ఆ అర్థంలో అనలేదు. నువ్వు నాకు అమ్మవి కూడా. నన్ను తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను," అని ఏడ్చింది. సెవెరిన్ బాగున్న కన్నుతో ఆమెని చూశాడు. మూతి వంకర తిరిగి, ఎంతో కష్టంమీద పెదవులు కదిలాయి.

"వి... వి..."

యాగొదా బెదిరిపోయి తండ్రి వైపు తిరిగింది. "ఏమంటున్నాడు నాన్నా? నన్ను పొమ్మంటున్నాడా?"

బోగుమీల్ మంచం మీదికి వంగి విన్నాడు. 'వియ్చ్' అంటే బయటికి పో అని. 'విబాచం' అంటే క్షమిస్తున్నాను అని. రెండూ 'వి'తోనే మొదలు. లేదా ఆనాటి మాటనే ఆమెకి తిరిగి ఇస్తున్నాడా? అన్న కంటిలోకి చూశాడు, ఏమీ పోల్చుకోలేకపోయాడు. ఎదుట కాగితం లేదు. కూతురు ఎదురుచూస్తోంది.

"విబాచం అంటున్నాడమ్మా," అన్నాడు, గాజుగదిలో చదివినట్టే, ఏ వణుకూ లేకుండా.

యాగొదా ఆ చచ్చుబడిన చెయ్యి మొహానికి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. వారం తిరక్కుండానే సెవెరిన్ పోయాడు.

సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నారు. యాగొదా ఎర్రబడిన కళ్ళతోనే పలకరించినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది, పెదనాన్న ఆఖరిమాట తనతోనే అన్నాడని, క్షమించాననే అన్నాడని. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న బ్రోన్యా అది విని నిట్టూర్చింది.

"ఎంత మంచి మాట! బోగుష్, నాతో ఒక్క మాటా అనకుండానే పోయాడు. పడ్డ రోజు నుంచీ ఆయన నోట ఆ 'వి' తప్ప ఇంకోటి రాలేదు. నీళ్ళు కావాలన్నా వి, దుప్పటి కప్పమన్నా వి. నర్సు వస్తే వి, కిటికీ చూసి వి. మెదడులో అదొక్కటే మిగిలిపోయిందని డాక్టరు చెప్పాడు. యాగొదాతో ఎలా అనగలిగాడో!"

బోగుమీల్ తల ఎత్తేసరికి యాగొదా ఖాళీ పళ్ళాలతో గుమ్మంలో ఉంది. అంతా వినేసింది. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

"ఆ మాట నువ్వన్నదా నాన్నా?"

బ్రోన్యా కుళాయి కట్టేసింది. సంగతి తప్పించడానికి ఈసారి చేతిలో గరిట కూడా లేదు.

"నేనన్నదే. నాకూ తెలియలేదమ్మా, అన్నయ్య ఏమన్నాడో. నాకు అలా వినాలనిపించింది."

యాగొదా పళ్ళాలు బల్లమీద పెట్టి తండ్రి ఎదుట కూర్చుంది. "అయితే ఇంకొక్కసారి అను," అంది. "ఆయన అన్నట్టే అను."

బోగుమీల్ నోరు తెరిచాడు. 'వి' దాకా వచ్చింది, తక్కిన మాట ఎంత ప్రయత్నించినా గొంతు దాటలేదు.