మాది గుంటూరు అన్నందుకు

ఇరవై ఏళ్ళ కిందటి మాట. గుంటూరు పక్కన మా పల్లెలో ఆడరైతుల సంఘం వాళ్ళం పత్తి పురుగుకి పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి కషాయం కొట్టేవాళ్ళం. ఆ పని నేర్పడానికి నన్ను మూడు వారాలు టాంజానియా పంపారు. అక్కడి మహిళా సంఘంలో పనిచేసే తెలుగమ్మాయి సుజాత నా మాటలు అక్కడి ఆడవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పేది.

మొదటిరోజు వాళ్ళు తెచ్చిన మిరపకాయలు ఉసిరికాయంత, పసుపుపచ్చగా ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది.

"ఇవేం కారం సుజాతా? రెండింతలు వెయ్యమను. మాది గుంటూరు" అన్నాను.

ఒక కాయ తీసి నోట్లో పెట్టుకోబోతే ఒక ముసలావిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. వినకుండా కాయంతా నమిలేశాను.

అంతే, కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. ఎక్కిళ్ళతో ఊపిరాడక నేలమీద చతికిలబడ్డాను. చచ్చిపోతాననే అనుకున్నాను. ఒకావిడ పాలు తాగించింది, ఇంకొకావిడ పైబట్టతో విసిరింది.

తేరుకున్నాక ముసలావిడ ఏదో అంటే అందరూ పగలబడి నవ్వారు.

"ఏమంటోందే?" అన్నాను.

"మందు మీద నమ్మకం కుదిరిందట అక్కా. పురుగు నీకంటే చిన్నదే కదా అంటోంది."

నాకూ నవ్వాగలేదు. కషాయంలో కాయలు మా ఊరి లెక్కలో సగానికి తగ్గించమని నేనే చెప్పాను. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మాత్రం, ఇప్పటికీ ముందు వాళ్ళ చేతిలో ఏముందో చూసి చెబుతాను.