లసుమవ్వ రాశికి పెట్టిన బొట్టు

మల్లాపూర్‌లో పసుపు తవ్వకాలు మొదలైతే అందరికంటే ముందు లసుమవ్వకే కబురు వెళ్లేది. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం అన్నీ ఆమెకు చేతనవును. కానీ బతుకంతా పరాయి పసుపే. కొమ్ములు ఎండి రాశి పోశాక ఆసామి భార్య వచ్చి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టేది. ఆ తర్వాతే సంచులు నింపేవారు. ఆ కాసేపూ లసుమవ్వ దూరంగా నిలబడేది. కూలిమనిషి కాబట్టి కొంత, భర్త చనిపోయిన ఆడమనిషి కాబట్టి మరికొంత. ఆ దూరం గురించి ఆమె ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమెను ఆడవాళ్ల రైతు సంఘంలో చేర్చింది దేవవ్వ. దేవవ్వ చర్చికి వెళ్లే మనిషి, సంఘానికి పెద్ద. ఇద్దరూ పక్కపక్క మళ్లు కౌలుకు పట్టి మందులు కొట్టకుండా పసుపు వేశారు. కొనేది కోరుట్లలోని ఒక ఎగుమతి కంపెనీ. పోయేది యూరప్‌కు.

యూరప్ దేశాలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న పదిహేడు సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఆ కూటమి తన చట్టాల్లోకి, తన కొనుగోళ్లలోకి తీసుకుంటోంది. తినే దాంట్లో విషం ఉండకూడదు, నేలా నీళ్లూ చెడిపోకూడదు, పండించిన మనిషికి న్యాయం జరగాలి. మంచి మాటలే. ఈ కథ రాయడానికి వాటి గురించి నాకు దొరికిందల్లా చదివాను. తమ పొలాల్లో నిషేధించిన పురుగుమందుల్లో కొన్నింటిని అక్కడి కంపెనీలు బయటి దేశాలకు అమ్ముతూనే ఉన్నాయని కూడా చదివాను. కోరుట్ల కంపెనీ మనిషి అరవింద్ సంఘం రేకుల షెడ్డులో తగిలించిన పదిహేడు గళ్ల రంగురంగుల పటంలో ఆ సంగతి లేదు.

ఆ పటం చూసి దేవవ్వ అడిగింది. "సారూ, గీ పదిహేడు డబ్బలల్ల మా మల్లాపూర్ ఏ డబ్బల ఉన్నది?"

"అన్నిట్లోనూ ఉంది అవ్వా."

"గట్లనా. మా ఊరు గంత పెద్దదని మాకే తెల్వకపాయె."

లసుమవ్వ నవ్వలేదు. ఆమె చూపు పటం మీద కాదు, కిటికీలోంచి కనబడే తన మడి మీద ఉంది.

పంట బాగా వచ్చింది. కొమ్ములకు మెరుగు పెట్టే సమ్మయ్య తన డ్రమ్ములో వేసి తిప్పితే కొమ్ములు బంగారంలా తేలాయి. లసుమవ్వ సిరిసిల్లలో నేసిన కొత్త తెల్లబట్ట పరిచి, దాని మీద రాశి పోసింది. అరవింద్ ప్రతి రాశి నుంచీ గుప్పెడు కొమ్ములు తీసి, సంచుల్లో కట్టి పరీక్షకు పంపాడు.

హోలీ వెళ్లిన వారం అతను మళ్లీ వచ్చాడు. సంఘం ఆడవాళ్లనూ సమ్మయ్యనూ షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాడు.

"లసుమవ్వ రాశిలో రంగు దొరికింది. తినే దాంట్లో కలపకూడని రంగు. ఒక్కరి దాంట్లో దొరికినా సంఘం మొత్తం సరుకు ఆగిపోతుంది. అది ఎట్లా వచ్చిందో తేలకపోతే మీ సంఘం పేరు తీసేస్తారు."

అందరి కళ్లూ సమ్మయ్య మీదికి తిరిగాయి. మెరుపు కోసం డ్రమ్ములో రంగు వేయడం ఈ ప్రాంతంలో ఎరగని సంగతేమీ కాదు.

"నన్నేంది గట్ల చూస్తరు? మీ పసుపు పోసే ముందట డ్రమ్ము కడిగిచ్చిన. దేవవ్వ నిలబడి చూసింది."

"కడిగినవు. అటెన్క ఏమేసినవో ఎవలకెరుక?" అంది సత్తవ్వ. సంఘంలో అందరికంటే వయసులో పెద్ద ఆవిడే. "నీ డ్రమ్ముకు గీ ఊర్ల ఎవ్వలం రాం ఇగ."

సమ్మయ్యకు ఆ డ్రమ్ము తప్ప మరో ఆధారం లేదు. "రాకుంటే రాకపోన్రి. దొంగ అనకున్రి," అన్నాడు.

అప్పుడు లసుమవ్వ లేచింది. కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"సమ్మన్న ఏం జెయ్యలే. నేనే పెట్టిన, బొట్టు."

"ఏం బొట్టు?" అన్నాడు అరవింద్.

"రాశికి. కుంకుమ బొట్టు. తెల్లారకముందే పోయి, ఎవ్వలు లేంది చూసి పెట్టిన. నువ్వు పై నుంచి గుప్పెడు తీసినవు గదా సారూ, ఆడ్నే."

ఇంటికి వెళ్లి కుంకుమ పొట్లం తెచ్చింది. కోరుట్ల అంగడిలో కొన్నది. అరవింద్ గ్లాసు నీళ్లలో చిటికెడు వేశాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. "ఇది పసుపుతో చేసిన కుంకుమ కాదు. ఒట్టి రంగు," అన్నాడు.

సమ్మయ్య మీద నింద పోయింది. కానీ సత్తవ్వ గ్లాసు వైపు చూడలేదు.

"మొగడు పోయినదానివి, రాశికి బొట్టు నువ్వెట్ల పెడ్తవే?"

"రాశి నాది గదా అత్తా. మొగడు పోయిండు, పంట పోలే."

దేవవ్వ అందుకుంది. "మా ఇంట్ల ఎవ్వలం బొట్టు పెట్టం. మా రాశికేమైంది సత్తవ్వా? మంచిగనే ఉన్నది గదా."

"నీ ముచ్చట వేరు," అంటూ సత్తవ్వ లేచి వెళ్లిపోయింది.

అరవింద్ కారణం రాసి పంపాడు. మళ్లీ పరీక్షలు జరిగి సంఘం సరుకు యూరప్‌కు వెళ్లింది. లసుమవ్వ రాశి మాత్రం వెళ్లలేదు. ఒకసారి రంగు తగిలిన రాశిని తీసుకోకూడదన్నది నియమం. బొట్టు పడ్డ పైపొరను ఆమె చేటతో ఎత్తి పక్కన పోసింది. మిగతాది ఆటోలో మెట్‌పల్లి మార్కెట్‌కు పట్టుకెళ్లి, మామూలు పసుపు ధరకే అమ్ముకుని వచ్చింది. అంత దూరాన రాసిన నియమానికి ఈమె ఎవరో తెలియదు. తెలిసినా మారేది కాదేమో. అయినా ఆమె ఆ నియమాన్ని తిట్టగా నేను వినలేదు. తిట్టింది నేనే.

మరుసటి ఏడు శిక్షణలో అరవింద్ కొత్తగా ఒక మాట చేర్చాడు. "రాశులకు కుంకుమ పెట్టకండి అమ్మా." అందరూ లసుమవ్వను చూసి నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది.

ఆ ఏడు ఆమె రాశి పరీక్షలో నెగ్గింది. సంచులు నింపే రోజు పొద్దెక్కాక, అందరూ ఉండగానే కల్లానికి వచ్చింది. తన కొమ్మునే రాతి మీద అరగదీసి, ఆ ముద్దతో రాశికి బొట్టు పెట్టింది. పసుపు మీద పసుపు. దగ్గరికి వెళ్తే తప్ప కనబడలేదు.

పక్క రాశి దగ్గర సత్తవ్వ చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

"నీ పసుపు పరీక్షల పాసయ్యింది గదనే," అంది. "జర నా రాశికి గూడ పెట్టు."