టెంటు గుమ్మంలో కుర్చీ

మా ఆడపడుచు కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం కూడా వంటగట్టు దగ్గర నిలబడే తింటుంది. పెళ్ళైన కొత్తలో, నా మీద కోపమేమో అనుకుని హడలిపోయేదాన్ని. ఆవిడ తీరే అంతని తర్వాత తెలిసింది. ఇంట్లో అందరూ ఆవిడని బొంగరం అంటారు, వదినా అని పిలిచేది నేనొక్కదాన్నే.

నర్సు ఉద్యోగం మానేశాక కూడా ఆవిడ ఊరుకోలేదు. ఊరి బయట మైదానంలో డాన్స్ ఫెస్టివల్ జరిగినప్పుడల్లా అక్కడొక టెంటు నడుపుతుంది. మత్తు మాత్రలు మింగి, ఎండలో ఎగిరి ఎగిరి, ఒళ్ళు వేడెక్కిపోయి, గుండె దడతో భయపడ్డ పిల్లలు అందులోకి వస్తారు. చాపలు, ఐసు పెట్టె, తడిగుడ్డలు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఉంటాయి. మాత్ర మింగకముందే తెచ్చి చూపిస్తే, ఇంత గీకి, పరీక్ష మందు చుక్క వేసి, మారిన రంగుని బట్టి అందులో ఏం కలిసిందో కొంతవరకు చెబుతుంది. ఫరవాలేదు, వేసుకో అని మాత్రం చచ్చినా అనదు. వచ్చినవాళ్ళని అడిగేవి మూడే మాటలు: ఏం వేసుకున్నావు, ఎంత, ఎప్పుడు. ఎవరిచ్చారు, ఎవరి పిల్లవి, ఇదేం పోయేకాలం లాంటివి అక్కడ వినబడకూడదు. నా నోరు ఊరుకోదు కనక నాకు గుడ్డలు తడిపే పని ఇచ్చింది.

మత్తుగాళ్ళని నెత్తికెక్కించుకుంటోందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నాలుగు చీవాట్లు పెట్టక ఈ సేవలేమిటని ఒకసారి నేనూ అడిగాను.

"బుద్ధి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ప్రాణముంటే కదా వినేది" అంది, నా చేతిలో తువ్వాలు లాక్కుని పిండుతూ.

మా ఆయన ఫ్యాక్టరీ మూతపడ్డాక చాన్నాళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఈసారి వదినే నిర్వాహకుల కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి సెక్యూరిటీలో వేయించింది. యూనిఫాం లేకుండా కనబడితే ఇంటికి పంపేస్తానని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. చొక్కాకి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి నేనే తొడిగించాను. అతనికి మోకాలినొప్పి. ఎండలో నిలబడలేడని వదిన ఎక్కణ్ణించో కుర్చీ తెచ్చి, టెంటు గుమ్మంలో నీడపట్టున వేసింది. తమ్ముడు తన కళ్ళముందుంటాడని సంబరపడింది.

మధ్యాహ్నమైనా టెంటులోకి పురుగు కూడా రాలేదు. పిల్లలకి బుద్ధొచ్చినట్టుందని మా ఆయన మీసం దువ్వాడు. నేనూ పోనీలే అనుకున్నాను. వదినకి మాత్రం కాలు నిలవలేదు. ఐసు పెట్టె మూత తీసి చూసింది, మూసింది, మడతపెట్టిన గుడ్డల్నే మళ్ళీ మడతపెట్టింది. ఇంత ఎండకి, ఇంత గోలకి ఒక్కరూ రాకపోవడమేమిటని గొణిగింది. చివరికి చెప్పులైనా వేసుకోకుండా బయటికి పోయింది.

కాసేపటికి జనరేటర్ వ్యాన్ వెనక నుంచి ఆవిడ కేక వినబడింది. అక్కడొక అమ్మాయి నేలమీద పడి ఉంది. పక్కన స్నేహితురాలు సీసాతో నీళ్ళు పోస్తూ ఏడుస్తోంది. మా ఆయన మోకాలు సంగతి మరిచిపోయి ఆ పిల్లని ఎత్తుకొచ్చి చాప మీద పడుకోబెట్టాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. దవడలు బిగుసుకున్నాయి, పిలిస్తే పలకడం లేదు. వదిన అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఏం మింగిందో తెలిస్తే దానికి తగ్గట్టు సిద్ధంగా వస్తామన్నారు. వదిన తన మూడు మాటలూ అడిగింది. ఏమీ వేసుకోలేదు, వడదెబ్బ అంది స్నేహితురాలు. అంటున్నంతసేపూ దాని చూపు వదిన మీద లేదు, మా ఆయన భుజమ్మీది సెక్యూరిటీ బిళ్ళ మీదే ఉంది. ఆ చూపు వదిన కనిపెట్టింది.

"ఒరేయ్, ఆ చొక్కా విప్పెయ్."

మా ఆయన నావైపు చూశాడు. ఎన్నాళ్ళకో దొరికిన ఉద్యోగం. నాకు ఏడుపొచ్చింది, ఆ పిల్ల మీద ఒళ్ళు మండింది కూడా. అయినా నేనే వెళ్ళి బొత్తాలు విప్పాను. ఆ చొక్కానే ఐసునీళ్ళలో ముంచి పిల్ల మెడకి చుట్టాను. బనీనుతో నిలబడ్డ మనిషిని చూశాక స్నేహితురాలికి మాటొచ్చింది. పొద్దున ఒక మాత్ర వేసుకుందట. ఎంతకీ ఎక్కడం లేదని ఇందాక రెండోదీ మింగిందట. వదిన అదంతా ఫోన్‌లో చెప్పి, చంకల్లో ఐసు మూటలు పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా గుడ్డలు మారుస్తూనే ఉంది.

స్నేహితురాలు అంబులెన్స్ ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"మేం ముందు ఇక్కడికే వచ్చామాంటీ. గుమ్మంలో పోలీసాయన ఉన్నాడని వెళ్ళిపోయాం."

అంబులెన్స్ వెళ్ళిపోయింది. వదిన గుమ్మందాకా వచ్చి ఆ కుర్చీలో కూలబడింది. ఆవిడ కూర్చోవడం చూసి నాకు భయమేసింది. అక్కడ కూర్చోవడం తన తప్పేనని మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు.

"కుర్చీ వేసింది నేనేరా" అంది.

సూపర్‌వైజర్ వచ్చి, బనీను చూసి, రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పి పోయాడు. అప్పుడూ ఆవిడ లేవలేదు. పిల్ల కళ్ళు తెరిచిందని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వదిన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చిందే తప్ప లేవలేదు.

అంతలో ఇద్దరు కుర్రాళ్ళు టెంటు తాడు పక్కన ఆగి లోపలికి తొంగిచూశారు. ఒకడి గుప్పిట్లో ఏదో ఉంది. వదిన కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ కుర్చీ కనబడకుండా ఎక్కడైనా పడెయ్యమని తమ్ముడికి చెప్పి, వాళ్ళని లోపలికి రమ్మంది.