నకలు బండికి నంబరు బిళ్ళ

మా బావ పుట్టింది పెంబర్తిలో. తాతల కాలం నుంచీ ఇత్తడి రేకు కొట్టే ఇల్లు. మా అక్కను చేసుకున్నాక హన్మకొండ వచ్చి, ములుగు రోడ్డు పక్కన షెడ్డు వేసి లారీ బాడీలు కట్టడం మొదలుపెట్టాడు. రేకు పని ఆయనది, చెక్క పని నాది. ఎనభైల మొదట్లో నాకు ముప్పై దాటాయి. అప్పటికి మేము కట్టినవన్నీ వడ్లు, పత్తి, బొగ్గు మోసే బళ్లే.

ఒక పొద్దున ఒక పెద్దమనిషి జీపులో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. జీపు వెనకాలే ఒక లారీ. అందులో ఇనుప పైపులు అతికించి చేసిన చట్రం, దాని మీద ఇంజను, నాలుగు చక్రాలు. ఆయన సంచిలోంచి ఐదు ఫొటోలు తీసి బావ ముందు పరిచాడు. పైకప్పు లేని, రెండు సీట్ల విదేశీ రేసు కారు. పొడుగాటి ముక్కు. వెనక్కి పోయేకొద్దీ చేప ఒంటిలా సన్నబడే ఒంపు. ముప్పై ఏళ్ల కిందటి బండట. అలాంటివి ఇప్పుడు ప్రపంచంలో కొన్నే మిగిలాయట. మద్రాసు దగ్గర పాత కార్లకు రేసులు పెడతారని, అందులో తోలడానికి అచ్చం అదే ఆకారంలో అల్యూమినియం బాడీ కావాలని చెప్పాడు.

"అసలు బండి పక్కన పెడితే తేడా తెల్వద్దు మేస్త్రీ" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. "హైదరాబాదుల షెడ్లు లేవా సార్?" అని అడిగాను.

"ఉన్నయి. అక్కడ చూసేటోళ్లు ఎక్కువ, మాట్లాడేటోళ్లు ఎక్కువ."

ఆ జవాబు ఇంకా నచ్చలేదు. బావ మాత్రం ఫొటోలోంచి కళ్లు తీయలేదు. కారు ముక్కు మీద వేలితో రాస్తూ, "చేద్దాం సార్" అన్నాడు.

ఫొటోలు చూసి కొలతలు లెక్కగట్టి, నేను చెక్కతో అచ్చు కట్టాను. బావ రేకు కత్తిరించి, ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టి, అచ్చు మీద వేసి చూసేవాడు. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. ఎక్కడో గింజంత ఎత్తు తగిలితే మళ్లీ ఇసుక సంచి మీదికే. లారీ బాడీలకు ఆయన ఎన్నడూ అంత ఓపిక పట్టలేదు.

పెద్దమనిషి వారానికి రెండు రోజులు వచ్చి స్టేషను దగ్గర లాడ్జిలో ఉండేవాడు. సాయంత్రం కాగానే ఫొటోలు లెక్కబెట్టి సంచిలో వేసుకునేవాడు. ఒక్కటి కూడా మా దగ్గర వదిలేవాడు కాదు. పోయే ముందు బండి మీద తాడిపత్రి కప్పించి, తాళ్లు తానే బిగించేవాడు. నేను ఆయన్ని చూస్తూ ఉండేవాణ్ణి. నేను చూస్తున్నట్టు ఆయనకూ తెలుసు.

కొత్త ముఖం కనిపిస్తే ఆ రోజుల్లో మా దిక్కు పోలీసులు ఊరుకునేవారు కాదు. ఒకనాడు కానిస్టేబులు వచ్చి తాడిపత్రి ఎత్తి చూశాడు.

"ఏందిది?"

"రేసు కారు సార్" అన్నాను.

"వరంగల్ల రేసులెక్కడున్నయి?"

అతను జీపు నంబరు రాసుకుని పోయాడు. ఆ ప్రశ్న మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం తెచ్చిన అక్కతో నా అనుమానం చెప్పాను.

"ఆయన గోర్లల్ల గ్రీసు చూసినవా తమ్మీ?" అంది అక్క. "దొంగయితే చేతులు గట్ల ఖరాబు చేసుకుంటడా?"

"దొంగ పని చేసినా గ్రీసు అంటుతదక్కా" అన్నాను.

మూడో నెలలో బాడీ చట్రం మీద కూర్చుంది. ఆ రోజు పెద్దమనిషి జేబులోంచి అగ్గిపెట్టెంత రేకు బిళ్ళ, ఇంకో ఫొటో తీశాడు. ఆ ఫొటోలో అసలు కారుకు ఉండే బిళ్ళ ఉంది. విదేశీ కంపెనీ పేరు, కింద ఒక నంబరు. అవే అక్షరాలు, అదే నంబరు ఈ బిళ్ళ మీద కొట్టాలన్నాడు. బావకు ఇంగ్లీషు రాదు, నాకు కొద్దిగా వచ్చు. ఆయనకు అదీ ఒక నగిషీయే. ఉలి అందుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నకలు బండికి అసలు నంబరెందుకు సార్?"

"చూడనీకె బాగుంటది."

"చూసేటోళ్లకు అసలుదే అనిపిస్తది గదా?"

ఆయన ముఖం ఎర్రబడింది. బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. జీపెక్కాడు. మూడు వారాలు రాలేదు.

"నువ్వు అడిగింది తప్పు గాదు" అన్నాడు బావ. "కాని ఆయన రాకుంటే గీ బండిని ఏం జేద్దాం?"

నాకు మాత్రం, రాకపోవడమే దొంగతనానికి రుజువనిపించింది. కానిస్టేబులుకు పోయి చెబుదామా అని కూడా అనుకున్నాను. ఇంతలో ఆయనే వచ్చాడు. బిళ్ళ ఊసెత్తలేదు. ఎర్ర రంగు వేయించి, బండిని తన ఊరికి తీసుకుపోయాడు. పోతూ పోతూ నాతో, "నువ్వు గూడ మద్రాసు రా భాయ్. నీ కండ్లతోనే చూడు" అన్నాడు.

నెల తర్వాత రేసుకు పోతూ లారీ మా షెడ్డు దగ్గర ఆగితే, బండితో పాటు నేనూ అందులోనే పోయాను. ఒకప్పుడు విమానాలు దిగిన రన్‌వే మీద రేసు. పొద్దున్నే ఒక తెల్ల జుట్టు పెద్దాయన బళ్లు తనిఖీ చేస్తూ మా దగ్గరికి వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయనతో పాటు నేనూ వంగి చూశాను. స్టీరింగు వెనక రేకు మీద, అగ్గిపెట్టెంత ఎడంలో రెండు స్క్రూ రంధ్రాలున్నాయి. అవి మా షెడ్డులో వేసినవి కావు. వాటి మీద వేలు పెట్టి చూశాను.

ఇది అసలుదేనా అని తెల్ల జుట్టాయన ఇంగ్లీషులో అడిగాడు. పెద్దమనిషి ఒకసారి నా వైపు చూశాడు. నకలేనని, వరంగల్‌లో చేయించానని చెప్పాడు. ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

నాకు సంతోషం కలగలేదు. నేను పక్కన లేకపోతే ఏమనేవాడో అన్నదే ఆలోచన. బండి మాత్రం బాగా పరుగెత్తింది. తొమ్మిది బళ్లలో ఐదోదిగా వచ్చింది. రాయి తగిలి ముక్కు మీద సొట్ట పడితే, అది నాకే తగిలినట్టు మనసు చివుక్కుమంది.

బండిని లారీ ఎక్కించి, నేనూ పెద్దమనిషీ రైల్లో తిరిగి వస్తున్నాం. పొద్దున విజయవాడ దాటాక అడిగేశాను. "ఆ రెండు రంధ్రాలెందుకు సార్?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "బొంబాయిల ఒకాయన కొంటనన్నడు. ఆయన దాన్ని అసలుదనే అనుకున్నడు. నేను కాదనలే. మీరు కొట్టనన్నంక బిళ్ళ వేరేకాడ కొట్టిచ్చిన. బిగిచ్చిన గూడ. నువ్వడిగింది మతికొచ్చి మల్ల ఊడదీసిన."

"ఇప్పుడేడున్నది?"

"కృష్ణల ఏసిన, పోయేటప్పుడు."

నమ్మాలనిపించింది. పూర్తిగా నమ్మలేకపోయాను. ఇంటికొచ్చి చెబితే బావ, "ఒప్పుకున్నడు గదా, ఇంకేంది?" అన్నాడు.

తర్వాత నాలుగైదేళ్లు, సొట్టలు తీయించడానికి ఆ బండి మా షెడ్డుకే వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను ముందు స్టీరింగు వెనక చూసేవాణ్ణి. ఆయన జీపు పక్కనే నిలబడి, నేను చూడటం అయ్యేదాకా ఆగి, అప్పుడు లోపలికి వచ్చేవాడు.