అన్న భుజం మీద శవంగా

మహబూబ్‌నగర్ అవతల గుట్టల్లో పాతకాలపు యుద్ధం సినిమా తీస్తున్నారని, సైనికులుగా నిలబడటానికి మనుషులు కావాలని మా ఊరికి కబురొచ్చింది. బడికి వేసవి సెలవులు. పిల్లలకు లెక్కలు చెప్పే నేను సరదాకి వెళ్లాను. ఖాకీ బట్టలు పంచే వరుసలో నా ముందు మా అన్న నిలబడి ఉన్నాడు.

మా ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు హైదరాబాద్ తీసుకుపోదామని నేను, ఇంటికి తీసుకుపోదామని అన్న పట్టుబట్టాం. పెద్దవాడి మాటే చెల్లింది. ఇల్లు చేరిన మూడో రోజు అమ్మ పోయింది. "నువ్వే సంపినవ్" అన్నాను పదిమందిలో. అన్న తలవంచుకుని పక్కకు వెళ్లిపోయాడు.

అది ఎవరెవరి మధ్య యుద్ధమో మాకెవరూ చెప్పలేదు. కాళ్లకు గుడ్డ పట్టీలు చుట్టి చేతికి కర్ర తుపాకులిచ్చారు. చనిపోయిన స్నేహితుణ్ణి భుజాన వేసుకుని ఒక సైనికుడు గుట్ట దిగాలట. బక్కగా ఉన్నానని శవంగా నన్ను, గట్టివాడని మోయడానికి అన్నను ఎంచారు. అన్నదమ్ములమని వాళ్లకు తెలియదు. మేమూ చెప్పలేదు.

మొదటిసారి దిగేటప్పుడు అన్న కాలు రాళ్ల మీద జారింది.

"జర మెల్లగ" అన్నాను, కళ్లు మూసుకునే.

"సచ్చినోనివి, సప్పుడు చెయ్యకు."

నాలుగేళ్ల తర్వాత అన్న నాతో మాట్లాడిన మొదటి మాట అది. నవ్వాలో నొచ్చుకోవాలో తెలియలేదు.

మూడోసారికి కింది నుంచి డైరెక్టర్ అరిచాడు. "ఏడవాలయ్యా! పోయింది నీ ప్రాణ స్నేహితుడు!"

నాలుగడుగులు వేశాక నా పొట్ట కింద అన్న భుజం వణికింది. "పట్నం తీస్కపోతే బతికేదేమో తమ్మి" అన్నాడు.

స్నేహితుడి గురించైతే బతికేటోడు అనాలి కదా. కళ్లు తెరిచి అన్న ముఖం చూడాలనిపించింది. కానీ నేను శవాన్ని.

భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగాను. "గప్పుడు ఏమన్నవే అన్నా?"

"ఏమన్న? ఏడువుమన్నరు, ఏడ్చిన" అని పప్పు కలుపుకున్నాడు.

తిరుగు బస్సులో అన్న పక్కనే సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పేశాను. "అన్నా, అమ్మను పట్నం తీస్కపోయినా ఫాయిదా లేదని డాక్టర్ నాకు ముందే చెప్పిండు. అయినా నీతోని లొల్లి పెట్టుకున్న. ఎందుకో నాకే తెల్వది."

అన్న తిడతాడనుకున్నాను.

"నాకు గూడ చెప్పిండు" అన్నాడు. "నీకు తెల్వదనుకున్న. తెలిస్తే తట్టుకోలేవని చెప్పలే."

మరి అన్నీ తెలిసినవాడు గుట్ట మీద ఆ మాట ఎందుకన్నాడు? అదే అడిగాను.

"ఏమో తమ్మి. నువ్వు బరువున్నవ్, గంతే" అన్నాడు.

మా ఊరి స్టేజీ దగ్గర ఇద్దరం దిగాం. అన్న వాళ్లింటికి పిలిచాడు. వెళ్లాను. వదిన ఆశ్చర్యంగా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా ఇంకో గ్లాసు చాయ్ పెట్టింది. అప్పటి నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నాం, వాన గురించి, పత్తి గురించి, పిల్లల చదువుల గురించి. అన్న నన్ను క్షమించాడో, అసలు నా మీద కోపమే లేదో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.